పొయ్యి లేని వంట

మలేషియాలో, సుంగై పెటానిలో మా ఇంట్లో పోయిన వారం నుంచి ఒకటే సందడి. మనవలంతా కలిసి అడవిలో వేడినీటి బుగ్గ చూడ్డానికి వెళ్తారట. ఇప్పుడా అడవికి పార్కని పేరు. గేటు దగ్గర టికెట్టు, లోపల పడుకోవడానికి కర్ర ఇళ్లు, గుడ్లు ఉడకబెట్టుకోవడానికి వెదురు బుట్టలు. ఎవరు ఏ కారులో కూర్చోవాలి, గుడ్లు ఇక్కణ్ణుంచి మోసుకెళ్లాలా అక్కడే కొనాలా, వానొస్తే ఏం చేయాలి అని భోజనాల బల్ల దగ్గర రోజూ సభే. వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది మలాయూ ఇంగ్లీషూ కలిపి. తెలుగు నా మీద దయ కలిగినప్పుడు మాత్రం బయటికి తీస్తారు.

"తాతా, నీకా చోటు తెలుసా?" అని చిన్న మనవరాలు అడిగింది.

నన్నలా అడగకూడదు. తెలియడమేమిటి, ఆ అడవిలో మొదట కాలుపెట్టిన మనిషిని నేనే అన్నాను. ఆ నీళ్లు కొబ్బరిచెట్టంత ఎత్తు చిమ్మేవనీ, పైన ఎగిరే పక్షి ఉడికిపోయి కింద పడేదనీ, అటొక పులీ ఇటొక పులీ చూస్తుండగా నేను తువ్వాలు భుజాన వేసుకుని స్నానం ముగించాననీ చెప్పాను. పిల్లలు బల్ల గుద్ది నవ్వారు. ఆ నవ్వులోనే ఒకడు, "అప్పుడు మీరూ మాలాగే వారం రోజులు ప్లాన్ వేశారా తాతా?" అన్నాడు. దానికి మాత్రం నా దగ్గర కోత లేకపోయింది. లేచి వచ్చి నా గదిలో కూర్చున్నాను.

ఆ ప్రయాణానికి ఏళ్ల తరబడి ప్లాను వేసిన మనిషి ఒకామె ఉండేది.

కొబ్బరిచెట్టు సంగతి ముందే ఒప్పుకుంటాను. మోకాలెత్తు. అదీ ఉండుండి ఒకసారి. పులిని నేను చూడలేదు. పులి వాసన వచ్చిందని లారీ డ్రైవరు అన్నాడు. ఆ లారీలో అంతకుముందు ఎండుచేపలు తోలారు.

ఆమె పేరు రాయను. మేమంతా అప్పా అని పిలిచేవాళ్లం. మా ఉత్తరాంధ్ర వాళ్లకు అక్కంటే అప్పే. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా అప్పా అనే అనేవారు, పళ్లూడిన ముసలాళ్లతో సహా. సుంగై సిపుట్ దాటాక అడవి అంచున మా రబ్బరు తోట. నేనక్కడ పాలు తూచే షెడ్డులో కుర్ర కిరాణీని. తోట గుమాస్తాను కిరాణీ అనేవాళ్లు. తోటంతా నా పెత్తనం మీదే నడిచేదని మా ఆవిడతో పెళ్లిచూపుల్లో చెప్పాను. నా పెత్తనం త్రాసు వరకే.

మలయాలో తెల్లవాళ్లు పెట్టిన ఎమర్జెన్సీ మొదలైంది మా చుట్టుపక్కలే. తెల్లదొరల మీద తుపాకులు పట్టి కొందరు అడవిలోకి పోయారు. మావాళ్లు వాళ్లను అడివోళ్లు అనేవారు. ఆ అడివోళ్లకు గింజ అందకూడదని ప్రభుత్వం ప్రతి తోట చుట్టూ ముళ్లతీగ బిగించింది. మొదట బియ్యం రేషను పెట్టారు. తర్వాత తిండి ఏదీ గేటు దాటకూడదన్నారు. చివరికి ఇళ్లలో బియ్యమే ఉండకూడదన్నారు. తోటంతటికీ ఒకే వంటశాల. అక్కడ ఉడికిన అన్నమే గిన్నెల్లో ఇళ్లకు వెళ్లాలి. ఉడికిన అన్నం మర్నాటికి పాచిపోతుంది కనక దాచి పంపడం కుదరదని వాళ్ల ఆలోచన. ఆ వంటశాలకు అప్పను పెట్టారు. అంతకుముందు ఆమె కూడా అందరిలాగే చెట్లు గీసేది.

బానంత గుండిగను ఆమె ఒంటిచేత్తో దించేదని నేను చాలాచోట్ల చెప్పాను. అది నిజం కాదు. రెండో చెవి ఇంకో ఆడమనిషి పట్టుకునేది. కాకపోతే దించేటప్పుడు ఆ రెండో మనిషి కేకలు పెట్టేది, ఈమె పెట్టేది కాదు. పొయ్యితో మాత్రం బద్ధకపు కోడలితో మాట్లాడినట్టు మాట్లాడేది. "ఏటే, ఇంకా కునుకేనా, జనం గిన్నెలట్టుకుని నిలబడ్డారు" అంటూ కట్టెను లోపలికి తన్నేది. పొగకు కళ్లెప్పుడూ ఎర్రగా ఉండేవి. ఏమయ్యాయని ఎవరైనా అడిగితే ఏడిసినాను అనేది. నిజంగా ఏడ్చిన రోజు అడిగితే పొగ అనేది.

వడ్డించేటప్పుడు మొహాలు చూసేది కాదు, గిన్నెలు చూసేది. ఎవరి గిన్నె ఏదో, ఆ ఇంట్లో ఎంతమందో ఆమెకు తెలుసు. చంటిపిల్లల తల్లి గిన్నె వచ్చినప్పుడు గరిటె కాస్త లోతుకు దిగేది. అన్నం మెత్తబడిందని ఎవరైనా గొణిగితే, "రేపు దొరతో సెప్పి నన్ను మార్పించీ బావూ. నా నడుం కూడా అదే అడుగుతంది" అనేది. అందరూ తీసుకెళ్లాక, నిలబడే, గుండిగ అడుగున మిగిలింది తినేది. ఆమె కూర్చుని అన్నం తినగా నేను చూడలేదు.

కూర్చునేది ఒక్క ఆదివారం మధ్యాహ్నమే. వంటశాల కడిగేసి, నా షెడ్డు మెట్టు మీద చతికిలబడి, నోట్లో ఆకూవక్కా వేసుకుని, పొయ్యిలోంచి తెచ్చిన బొగ్గుముక్కతో సిమెంటు గచ్చు మీద గీయడం మొదలెట్టేది. ఇదిగో గేటు. ఇది ఏరు. ఇది వెదురు డొంక. ఇక్కడ బండలు. బండల మధ్య ఒక సున్నా చుట్టి దాని మీద బొగ్గు గట్టిగా నొక్కేది.

"రేపే ఎల్తామనుకో బావూ. ఎలగెల్తాం?"

రేపు వెళ్లలేమని ఆమెకూ తెలుసు నాకూ తెలుసు. అయినా నేను త్రాసు పక్కన పెట్టి ఆలోచన చెప్పేవాణ్ణి. మొదట్లో, అంటే ఆమె ఇంకా చెట్లు గీసే రోజుల్లో, ఆ ప్లానులో డప్పు ఉండేది, కోడి ఉండేది, లైనులో, అంటే మా కూలీల ఇళ్ల వరసలో, ఉన్నవాళ్లందరినీ ఎక్కించుకున్న ఎడ్లబళ్లుండేవి. కంచె వచ్చాక బళ్లు పోయాయి. కర్ఫ్యూ వచ్చాక డప్పు పోయింది. తిండి దాటకూడదన్నాక కోడి పోయింది. కొత్త రూలు వచ్చినప్పుడల్లా ఆమె ప్లాను ఇంకొంచెం చిక్కిపోయేది. చివరికి అందులో మిగిలింది ఒక మనిషి, ఒక ఇత్తడి గిన్నె, ఇన్ని బియ్యం. వెళ్లేముందు తడిగుడ్డతో గచ్చంతా తుడిచేసేది. అడవి దారి బొగ్గుతో గీసి ఉందని ఎవడైనా చూస్తే ఇద్దరం ఈపో పోలీసు స్టేషన్లో తేలేవాళ్లం.

ఆ సున్నా సంగతి ఆమె మొగుడు చెప్పింది. అతను కుర్రతనంలో అడవి కొట్టే కూలీగా ఆ వైపు వెళ్లాడట. బండల మధ్య నీళ్లు కుతకుతలాడుతూ, ఉండుండి బుస్సుమని పైకి చిమ్మడం చూశాడట. కర్రపెండలం గుడ్డలో కట్టి దించితే ఉడికిందని ఇంటికొచ్చి చెప్పాడు. పొద్దున లేస్తే తడికట్టెలతో కుస్తీ పట్టే మనిషికి, నిప్పు లేకుండా మరిగే నీళ్లంటే అమ్మోరు కాక మరేమిటి? జపాను వాళ్లొచ్చినప్పుడు అతన్ని సయాం అడవుల్లో రైలుదారి వేసే పనికి పట్టుకుపోయారు. అప్పుడు మొక్కింది. అతను తిరిగొస్తే ఆ బుగ్గ దగ్గరికెళ్లి, పొయ్యి పెట్టకుండా ఆ నీళ్లలోనే అన్నం వండి, అమ్మోరికి చూపించి, లైనులో వాళ్లందరికీ పెడతానని.

మా తోట నుంచి సయాం వెళ్లినవాళ్లలో చాలామంది రాలేదు. అతను వచ్చాడు. ఎముకలూ జ్వరమూ వచ్చాయనాలి. వచ్చినవాడు కొద్దినెలలు గోడకు ఆనుకుని కూర్చుని, ఆ గోడ దగ్గరే పోయాడు. అలాంటి మనిషిని వదిలి ఆమె ఎక్కడికీ వెళ్లలేకపోయింది. అతను పోయిన దుఃఖం తెమిలేలోపు ఎమర్జెన్సీ వచ్చి దారి మూసేసింది.

మనిషే పోయాక ఇంక మొక్కేమిటప్పా అని నేనొకసారి అన్నాను. గీస్తున్న బొగ్గు పక్కన పెట్టింది.

"తిరిగి రావాలని మొక్కినాను. బతకాలని మొక్కలేదు. తెలివితక్కువ నాది. ఆవిడ మాట ఆవిడ నిలబెట్టుకుంది కదా బావూ, నానెలాగ ఎగ్గొడతాను?"

నేను తోట దొర దగ్గరికి వెళ్లి, అప్పను బుగ్గ దగ్గరికి పంపమని బల్ల గుద్ది అడిగాననీ, దొర లేచి నిలబడ్డాడనీ మా ఊళ్లో ఒక కథ ప్రచారంలో ఉంది. ప్రచారం చేసింది నేనే. జరిగింది వేరు. చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని అడిగాను. దొర ముందు నవ్వాడు. సైన్యం తిరిగే అడవికి మీ వంటామె పిక్నిక్కు వెళ్తుందా అన్నాడు. అయితే దుర్మార్గుడు కాదు. అడవిలో రోడ్డు బాగుచేయడానికి కూలీల లారీ సిపాయిల కాపలాతో వెళ్తుంది, ఒకరోజు అందులో ఎక్కనిస్తాను, బియ్యం మాత్రం ఒక్క గింజ గేటు దాటకూడదు అన్నాడు.

బియ్యం లేకుండా వెళ్లి ఆ బుగ్గ దగ్గర ఆమె ఏం చేయాలి? వచ్చి చెప్పాను. నోట్లో ఆకు నములుతూ విన్నది. తర్వాతి ఆదివారం గచ్చు మీద ఏమీ గీయలేదు.

"అచ్చింతలు బియ్యమేటి?" అంది.

నాకు అర్థం కాలేదు. ఆమె విడమరిచింది. పక్క తోటలో పెళ్లికి మనవాళ్లు వెళ్లినప్పుడు పళ్లెంలో అక్షింతలు పట్టుకెళ్లారు, గేటు దగ్గర ఆపలేదు. పసుపు తగిలితే అది బియ్యం కాదు, దేవుడి సొమ్ము. నెత్తిన వేసుకుంటారు గానీ ఎవడూ నోట్లో వేసుకోడు. కాబట్టి మొక్కు బియ్యానికి పసుపు పూస్తే అది తిండి కాదు. అమ్మోరి నీళ్లలో ఉడికాక ప్రసాదమవుతుంది, అప్పుడూ తిండి కాదు. మధ్యలో ఎక్కడా తిండి అన్నదే లేదు. నేను ఎంత వెతికినా అందులో తప్పు కనబడలేదు. ఇప్పటికీ కనబడదు. మన మనిషి ఎవడైనా ఒప్పుకునే మాటే అది.

బియ్యం ఎక్కణ్ణుంచి వస్తాయని అడిగాను. తన వంతు అన్నం మానేసింది. గుండిగలో పోసేటప్పుడు తన గుప్పెడు గింజలు విడిగా తీసి పెట్టుకుని, ఆ పూట కర్రపెండలం తినేది. అలా నెలల తరబడి. ఆ రోజుల్లో ఆమె చెంపలు లోపలికి పోవడం చూసి, ఇంత అన్నం చేతిలో ఉండి చిక్కిపోతోందేమిటని లైనులో ఆడవాళ్లు వేళాకోళం చేసేవారు.

లారీ రోజు వచ్చింది. ఆమె ఉతికిన చీర కట్టుకుని, ఇత్తడి గిన్నె నిండా పసుపు బియ్యం పోసి, మీద కర్పూరం పెట్టి, గేటు దగ్గరికి వచ్చింది. నేనూ వెళ్లాను. అక్కడ రోజూ ఉండే మలాయ్ కానిస్టేబులు ఆమెకు బాగా ఎరుక. మక్చిక్ అనేవాడు, పిన్నీ అన్నట్టు. ఆ రోజు అతని పక్కన కొత్తగా వచ్చిన తెల్ల ఇన్‌స్పెక్టరు ఉన్నాడు. గిన్నెలోకి చూసి ఇదేమిటన్నాడు. పాపం, కానిస్టేబులు మేలు చేద్దామనే అనుకున్నాడు. శుభకార్యానికి వాడేది సార్, మా ఇళ్లలోనూ పసుపు బియ్యం చల్లుతాం అన్నాడు. వండితే విందుకు పెడతాం అని కూడా అన్నాడు. ఆ చివరి ముక్క ఎవరూ అడగలేదు.

అడవిలో ఎవరికి విందు అని ఇన్‌స్పెక్టరు నా వైపు తిరిగాడు. అప్పుడు నేను మాట్లాడిన ఇంగ్లీషుకు వాడి ముఖం పాలిపోయిందని చెప్పుకుంటూ ఉంటాను. నాకు తెలిసిన ఇంగ్లీషు తూకాలకు సరిపడా ఇంగ్లీషు. ఒక్క వాక్యం మాత్రం సరిగ్గా చెప్పాను. తినడానికి కాదు సార్, చల్లడానికి అన్నాను. దేవుడి మీద చల్లుతారు.

అది చాలు. ఇన్‌స్పెక్టరు తల ఊపాడు కూడా. గిన్నె తిరిగి ఇవ్వబోతున్నాడు.

"ఏటని సెప్పినావు బావూ?" అంది అప్ప.

చెప్పాను. ఊరుకో అని కళ్లతో సైగ కూడా చేశాను. ఆమె ఊరుకోలేదు. ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి, సంతలో అందరూ మాట్లాడే మలాయ్‌లో, తన వంటశాల గొంతుతో చెప్పింది. "తాబూర్ బుకాన్. మసాక్."

చల్లడానికి కాదు, వండడానికి.

నేను తల పట్టుకున్నాను. ఆమె నా మీదే కోపంగా చూసింది. "అమ్మోరి కాడికెల్తూ దొంగమాటతో గేటు దాటమంటావేటి? ఆ కూడు ఆవిడ ముట్టుకుంటాదా?"

వచ్చిన లారీలోనే ఆమెను ఎక్కించారు. లారీ అడవి వైపు కాకుండా ఈపో వైపు వెళ్లింది.

వానలు వచ్చి వెలిసేదాకా అక్కడే ఉంచారు. ఏం అడిగారో ఏం చేశారో ఆమె ఎప్పుడూ చెప్పలేదు, నేను ఊహించి రాయను. ఇక్కడ తోటలో మాత్రం దానికి శిక్షగా అందరి రేషనూ కోసేశారు. గరిటె కొలత తగ్గింది. కర్ఫ్యూ పెంచారు, పొద్దు వాలకముందే తలుపులు వేసుకోవాలి. పిల్లలు ఆకలికి ఏడ్చేవారు. ఆ ఏడుపు వింటూ తలుపుల వెనక కూర్చున్న జనానికి కోపం పెట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. దొర దొరికేవాడు కాదు. ఇన్‌స్పెక్టరు అంతకన్నా దొరకడు. అప్ప దొరికింది. మన గుండిగలోంచి దొంగిలించిందన్నారు. అడివోళ్లకు పెళ్లిభోజనం మోసిందన్నారు. కాకపోతే అన్ని గింజలు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నారు. అవి ఆమె తినని తిండి అని నేను చెప్పాను. లైను నడిమధ్య నిలబడి గర్జించానని అంటే అబద్ధం. ఒక్కొక్కరికీ మామూలుగానే చెప్పాను. నువ్వు కిరాణీవి, దొర మనిషివి, నీకేం తెలుసు అన్నారు.

ఆమె తిరిగొచ్చేసరికి వంటశాల ఇంకొకామె చేతికి పోయింది. బియ్యం ముట్టుకునే పని ఆమెకు ఇవ్వకూడదని పైనుంచి మాట. గడ్డి చెక్కే కూలీల్లో వేశారు. సాయంత్రం గిన్నె పట్టుకుని, తను ఏళ్లపాటు వడ్డించిన ఆ వరసలోనే వచ్చి నిలబడింది. ముందున్నవాళ్లు కాస్త ముందుకు, వెనకున్నవాళ్లు కాస్త వెనక్కు జరిగారు. ఎవరికోసం ఆమె గరిటె లోతుకు దిగేదో, ఆ చంటిపిల్లల తల్లే అంది. "మా పిల్లల నోటికాడి కూడు అడివోళ్లకి మోసినావు కదే."

అప్ప ఆమె గిన్నెలోకి చూసింది. ఈ ఇంట్లో ఎంతమంది, ఎంత పడింది అని పాత అలవాటుగా చూసినట్టనిపించింది నాకు. తన వంతు పెట్టించుకుని, మూత పెట్టుకుని వెళ్లిపోయింది.

మెర్డేకా వచ్చింది. స్వాతంత్ర్యం ప్రకటించినప్పుడు నేను కౌలాలంపూర్ మైదానంలో మొదటి వరసలో ఉన్నానని ఇంట్లో అందరికీ తెలుసు. నేనున్నది సుంగై సిపుట్‌లో ఒక చీనా కొట్టు ముందు, రేడియో చుట్టూ మూగిన గుంపులో. జనం అరిస్తే నేనూ అరిచాను. రేడియోలో గరగర తప్ప నాకేమీ వినబడలేదు. తోటలో మేకలు కోశారు, పాయసం కాచారు, వంటకు టౌను నుంచి మనుషులను పిలిపించారు. అప్పను ఎవరూ పిలవలేదు. ఆ రోజు కూడా ఆమె గడ్డి కొడవలికి పదును పెట్టుకుంటూ గుమ్మంలో కూర్చుంది. మెర్డేకా వచ్చిందప్పా అని చెప్తే, "గేటు తీసినారేటి?" అని అడిగింది.

తీయలేదు. మా వైపు గేటు తీయడానికి ఇంకా చాలాకాలం పట్టింది. తీసిన రోజు వంటశాల మూతపడి, ఇళ్లకు బియ్యం వచ్చాయి. లైనులో ప్రతి ఇంటి కప్పు మీదా పొగ లేచింది. ఆ వారమే ఆదివారం అప్ప నా షెడ్డుకు వచ్చింది. బొగ్గు తేలేదు. మెట్టు మీద కూర్చోలేదు.

"ఎల్దాం బావూ. పిలుపులు నానే పిలుత్తాను."

ఆ మొక్కులో ఒక మెలిక ఉంది. వండితే చాలదు. లైనులో వాళ్లందరూ ఆ అన్నం తినాలి, అలాగని మొక్కుకుంది. మావాళ్లలో పిలుపంటే ఇంటికెళ్లి చేతిలో ఆకూవక్కా పెట్టడం. ఆకు పుచ్చుకుంటే వస్తామని మాట ఇచ్చినట్టే. ఎంత పగ ఉన్నా గుమ్మంలోకొచ్చిన ఆకును కాదనరు. అప్ప ఇంటింటికీ తిరిగింది. ఎవరూ కాదనలేదు. చెయ్యి చాపి ఆకు పుచ్చుకున్నారు. నోటికాడి కూడు మోసినావని అన్న తల్లి కూడా పుచ్చుకుంది. "ఒత్తారు బావూ, అందరూ ఆకు తీసుకున్నారు" అని నాతో చెప్పినప్పుడు, ఈపో నుంచి వచ్చాక మొదటిసారి ఆమె పళ్లు కనబడ్డాయి.

లారీ మాట్లాడింది నేనే. పొద్దున్నే వచ్చి గేటు దగ్గర ఆగింది. గేటు బార్లా తెరిచి ఉంది, సోదా చేసేవాడు లేడు. అప్ప బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని నిలబడింది. ఎండ పైకొచ్చింది. ఎవరూ రాలేదు. నేను వెళ్లి తలుపులు తట్టాను. ఒకరికి జ్వరం, ఒకరింటికి చుట్టాలు. "టౌనులో సినిమా ఉంది లా అన్నా, పిల్లలు ఊరుకోడం లేదు" అని మలాయ్ వాళ్లలాగా మాటకో 'లా' తగిలించి అన్నాడొకడు. చంటిపిల్లల తల్లి అసలు తలుపే తీయలేదు. నేను తిరిగొచ్చి, ఇంకో ఆదివారం పెట్టుకుందామా అప్పా అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా లారీ ఎక్కింది.

ఇక్కణ్ణుంచి కలపడానికి నా దగ్గరేమీ లేదు.

డ్రైవరు లారీలోనే పడుకున్నాడు. మేమిద్దరం వెదురు డొంక దాటి నడిచాం. బండలు ఉన్నాయి. నీళ్లున్నాయి. ఆవిరి లేస్తోంది, కుళ్లిన గుడ్ల వాసన వస్తోంది. నీళ్లు ఉండుండి చిమ్ముతున్నాయి, ముందే చెప్పానుగా, మోకాలెత్తు. అప్ప దండం పెట్టి, గుడ్డలో వదులుగా కట్టిన బియ్యాన్ని గిన్నెలో పెట్టి, నీళ్లు బాగా ఎగిసేచోట దించింది. పక్కన కూర్చుంది. నిప్పు లేదు కాబట్టి తిట్టడానికి ఎవరూ లేరు. చేతులు ఏం చేయాలో తోచక ఒళ్లో పెట్టుకుంది.

చాలాసేపయ్యాక గిన్నె తీసి, మూట విప్పి, ఒక మెతుకు వేళ్ల మధ్య నొక్కింది. మళ్లీ దించింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. మళ్లీ తీసింది. మళ్లీ దించింది. పొద్దు వెదుళ్ల వెనక్కి దిగుతున్నప్పుడు ఇంక దించలేదు. గింజ ఉబ్బింది, పైన మెత్తబడింది, లోపల రాయిలాగే ఉంది. ఆ నీళ్లకు అంతకంటే వేడి లేదు. గుడ్డు ముదురుతుంది గానీ అన్నం ఉడకదు. ఆమె మొగుడికి ఆ కర్రపెండలం ఎలా ఉడికిందో. ఆకలి మీదున్నాడేమో.

ఆమె అడవి ఆకులు కోసింది. బండ మీద వరసగా పరిచింది, ఆకూవక్కా పుచ్చుకున్న ప్రతి ఇంటికీ ఒకటి. ప్రతి ఆకు దగ్గరా వంగి, ఆ ఇంటి పేరు అని, ఆ ఇంట్లో ఎంతమందో చూసుకుని పెట్టింది. చంటిపిల్లల తల్లి ఆకులో కాస్త ఎక్కువ పెట్టింది. చివరి ఆకు నాది. తిను అంది. నిలబడే ఉంది, ఎప్పటిలాగే, అందరూ తినేదాకా. నేనొక్కణ్ణే తిన్నాను. పళ్ల కింద పటపటలాడింది. మింగాను.

మొక్కు తీరినట్టేనా అప్పా అన్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

ఆమె ఆ ఆకుల వరసను చూసింది. తర్వాత నీళ్ల వైపు తిరిగింది. నాతో కాదు, నీళ్లతోనే అన్నట్టు మాట్లాడింది.

"నా మొగుణ్ణీ ఇలగే ఇచ్చినావు. సగం. ఇదీ సగమే. నువ్వు ఒండినంత నువ్వు ఒండినావు, నాను పెట్టినంత నాను పెట్టినాను. ఇంక నీకూ నాకూ ఏటీ నేదు."

తర్వాత నన్ను కూర్చోమని, నా పక్కన బండ మీద తనూ కూర్చుని, తన ముందు ఆకు వేసుకోకుండానే, గిన్నెలో మిగిలిన ఆ ఉడకని మెతుకుల్ని ఒక్కొక్కటే నమలడం మొదలెట్టింది.